మూడు పొట్లాల ఊద గింజల వెంట రాజమండ్రికి

డిసెంబరు 10, బుధవారం. మంచు దట్టంగా ఉంది, గాలి లేదు. లేవగానే స్ప్రేయరు విప్పి, గొట్టంలో మందు వాసన పోయేదాకా మూడుసార్లు నీళ్లు పోసి కడిగి, అటక మీదికి ఎక్కించాను.

నిన్న రాజమండ్రి వెళ్లి వచ్చాను. వరిలో ఊద గడ్డి మందుకి చావడం లేదని తల పట్టుకున్న రైతులు ఫోనులో నేను పెట్టే రాతలు చదివేవాళ్లలో చాలామంది ఉన్నారు. వాళ్లలో ఎవరైనా ఇలాంటి ప్రయాణం పెట్టుకుంటే పనికొస్తుందని దారీ, వేళలూ, అక్కడ తెలిసిన సంగతీ వరసగా రాస్తున్నాను. నేను చదివింది ఏడో తరగతి. తర్వాతదంతా వార్తాపత్రికలు, మందు డబ్బాల వెంట వచ్చే కాగితాలు, ఇప్పుడీ ఫోను. ఇరవై రెండేళ్లుగా డైరీ రాస్తున్నాను: తేదీ, వాతావరణం, చేలో పని. ఇంట్లో నేనొక్కణ్నే కాబట్టి రాయడానికి అడ్డం వచ్చేవాళ్లు లేరు. ప్రతి పేజీలో ఆఖరి వాక్యం ఒకటే ఉంటుంది. గేదెకి కుడితి పెట్టాను.

మా ఊరు మొగల్తూరుకి నాలుగు కిలోమీటర్లు. మూడెకరాల వరి. నాకు ఎగువన సూరిబాబు గారి ఐదెకరాలు. ఆయన చేను తడిసిన నీళ్లే నా చేలోకి వస్తాయి. ఆయన ఏటా నారు పోసి ఊడ్పులు వేయించి, ఆడవాళ్లని పెట్టి చేత్తో కలుపు తీయిస్తారు, మందు కొట్టరు. నేను మనుషులు దొరకక ఎనిమిదేళ్ల కిందట విత్తనం వెదజల్లడం మొదలుపెట్టాను. వెదజల్లితే వరితోపాటే ఊద కూడా లేస్తుంది, మందు కొట్టక తప్పదు. ఆరేళ్లు బాగానే నడిచింది. రెండేళ్ల కిందట రెండో పంట దాళ్వాలో, కొట్టిన మందు కొట్టినట్టే ఉంది, ఊద వరి మీదికి మోకాలెత్తు లేచి కంకులు ఈనింది.

అది చూసిన రోజు పొద్దున టీ కొట్టు దగ్గర పదిమందిలో సూరిబాబు గారిని అన్నాను. "మందు తగలని ఊద మొండికెక్కుతుంది. మీ చేలోది నీళ్లలో కొట్టుకొచ్చి నా చేను మింగేసింది. గట్టు మీద గడ్డి కోసుకోలేని మనిషికి వ్యవసాయం ఎందుకండీ?" అన్నాను. నేను అంత పొడుగు మాట అంతకుముందు ఎవరితోనూ అనలేదు. ఆయన సగం తాగిన గ్లాసు బల్ల మీద పెట్టి, సైకిలెక్కి వెళ్లిపోయారు. అప్పటినుంచి చేనుకి మా వీధిలోంచి కాకుండా చెరుకు తోటల చుట్టూ తిరిగి వెళ్తున్నారు.

రాజమండ్రిలో కామేశ్వరి గారని ఒకావిడ ఉన్నారు. వ్యవసాయ కళాశాలలో కలుపు మొక్కల గురించి పాఠాలు చెప్పి రిటైరయ్యారు. రైతులు పంపిన కలుపు గింజల్ని మేడ మీద కుండీల్లో మొలిపించి, మందు కొట్టి, చస్తోందో లేదో చూసి చెప్తారని రైతుల ఫోను గ్రూపులో తెలిసింది. మొన్న ఏప్రిల్లో మూడు పొట్లాలు కట్టి పెట్టుకున్నాను. ఒకటి నా చేలోది. ఒకటి ఎవరూ మందు కొట్టని కాలవ గట్టుది. మూడోది సూరిబాబు గారి చేలోది, ఆయన ఊళ్లో లేని రోజు చూసి దూసుకొచ్చింది. నేనన్న మాట నిజమేనని తేలాలి, అందుకే దూశాను. అక్టోబరులో మూడూ పంపాను. పోయిన వారం ఆవిడ ఫోన్ చేశారు. "ఫోన్లో చెప్పేది కాదండి, కళ్లతో చూడాలి. ఏ పంటకి ఏ మందు కొట్టారో రాసుకున్నారా? రాసుంటే పట్టుకురండి" అన్నారు.

పాత డైరీలు ఎనిమిది సంచిలో వేసుకుని, పొద్దున్న ఐదూ ముప్పావుకి బయల్దేరాను. నరసాపురానికి షేర్ ఆటో అరగంట. అక్కణ్నుంచి పాలకొల్లు మీదుగా రాజమండ్రికి బస్సులున్నాయి గానీ, నేను పంటు ఎక్కి గోదావరి దాటి సఖినేటిపల్లి వైపు వెళ్లాను. దూరం తక్కువేం కాదు, మూడు చోట్ల దిగి ఎక్కాలి. సూరిబాబు గారూ నేనూ కొబ్బరి మొక్కల కోసం ఏటా ఈ దారినే వెళ్లేవాళ్లం, వేరే దారి నాకు అలవాటు లేదు.

మంచు వల్ల పంటు ఏడుంబావుకి గానీ కదల్లేదు. మనిషికి ఇరవై రూపాయల లోపే. అవతలి ఒడ్డు కనపడలేదు. ఇంజను చప్పుడు, కింద నీళ్లు, అంతే. నా పక్కన మోటారు సైకిలు మీద అరటి గెలలు కట్టుకున్నతను సంచీ వంక చూశాడు.

"ఏంటండీ అంత బరువు? ఇన్సూరెన్సు ఏజెంటా?"

"కాదండీ. డైరీలు."

"ఎవరివి?"

"నావే."

"మీవి మీరు మోసుకుని ఎక్కడికండీ?"

"ఒకరికి చూపించడానికి."

"మా ఆవిడైతే నా ఫోనే చూస్తుంది, ఇంక డైరీ కూడా రాస్తే బతకనివ్వదు" అని నవ్వి గెలలు సర్దుకున్నాడు.

సఖినేటిపల్లి రేవు నుంచి రాజోలుకి ఆటోలో అరగంట. బస్టాండు పక్కన ఒకావిడ పెనం మీద పెసరట్లు వేస్తోంది. ఒక అట్టు, రెండు టీలు చెప్పాను. ఆవిడ రెండు గ్లాసులూ నా ముందు పెట్టి, "రెండో ఆయన ఏరండీ? చల్లారిపోతోంది" అంది. అప్పుడు గాని నేనేం చెప్పానో నాకు తెలీలేదు. "రావట్లేదండి" అని రెండూ తాగాను. అట్టులో అల్లం బాగా వేసింది. ఎనిమిదిన్నరకి రావులపాలెం బస్సు, అక్కడ మారి రాజమండ్రి బస్సు. కొత్తపేట దాటాక మంచు విడింది. రోడ్డుకి రెండు వైపులా కోసేసిన తొలి పంట సార్వా చేలు, అక్కడక్కడా నీళ్లు పెట్టి దున్ని దమ్ము చేస్తున్న ట్రాక్టర్లు. జొన్నాడ దగ్గర గౌతమి దాటి, పదకొండుకి కోటిపల్లి బస్టాండులో దిగాను.

అడ్రసు చూపిస్తే ఆటో డ్రైవరు చదవకుండానే తలూపాడు. "గడ్డి మేడం గారా? ఎక్కండి. మొదటిసారి ఒకాయన్ని దింపినప్పుడు మేడ మీద గడ్డి చూసి, పీకిపెట్టనా మేడంగారూ అన్నానండి. కొట్టినంత పని చేశారు."

గోదావరి గట్టుకి రెండు వీధుల లోపల ఇల్లు. కామేశ్వరి గారు పొట్టిగా, నెరిసిన జుట్టుతో, కళ్లద్దాలు తాడు కట్టి మెడలో వేసుకుని ఉన్నారు. మంచినీళ్లిచ్చి నేరుగా మేడ మీదికి తీసుకెళ్లారు. పాత రంగు డబ్బాలు సగానికి కోసి మట్టి నింపిన కుండీలు, మూడు వరసలు. ఒక్కో వరస ముందూ పలక ముక్క మీద నేను పొట్లాల మీద రాసిన పేర్లే ఉన్నాయి. కాలవ గట్టు. ఎగువ చేను. నా చేను.

కాలవ గట్టు వరస ఎండి, గోధుమ రంగు పీచులా పడి ఉంది. ఎగువ చేను వరస కూడా అంతే. మూడో వరసలో ఊద నా మోచేతి పొడుగున పచ్చగా లేచి ఉంది.

"మూడింటికీ ఒకే రోజు, ఒకే మోతాదు కొట్టానండి. మూడు వారాలైంది" అన్నారు ఆవిడ.

"పలకలు తారుమారయ్యాయేమోనండి" అన్నాను.

"నలభై ఏళ్లు ఇదే పని చేశానండీ నేను" అన్నారు, కోపం లేకుండానే.

ఆ పచ్చటి వరస ముందు కూర్చున్నాను. ఒక మొక్క మొదలు పట్టుకుని చూశాను. వరి ఆకు మొదట్లో పల్చటి పొరలా చిన్న నాలుక ఉంటుంది, ఊదకి ఉండదు. దీనికి లేదు. ఊదే.

మందు తగలని ఊద మొండికెక్కుతుందన్న నా మాట చెప్పాను. ఆవిడ తల అడ్డంగా ఊపారు. "ఉల్టా అండి. చేలో వేలల్లో ఊద మొలుస్తుంది. అందులో ఎక్కడో ఒకటి పుట్టుకతోనే ఆ మందుకి చావదు. మీరు చుట్టూ ఉన్నవన్నీ చంపి దానికి చోటిచ్చారు. అది గింజ రాల్చింది. మరుసటి ఏడాది అదే మందు కొట్టారు, దాని పిల్లలు మిగిలాయి. మందు ఎరగని చేలో ఆ రకానికి విడిగా కలిసొచ్చేదేం లేదు."

"కానీ నేను ఏటా మందు మార్చానండి" అన్నాను. ఈ ఒక్క మాటలో నాకు గట్టి నమ్మకం. ఎర్ర మూత, తర్వాత నీలం డబ్బా, మళ్లీ ఎర్ర మూత, మధ్యలో గుర్రం బొమ్మది. డైరీలో అన్నీ ఉన్నాయి. ప్రతి మందు చీటీ చింపి ఆ రోజు పేజీకి అంటించడం నా అలవాటు. పూర్వం సూరిబాబు గారు అది చూసి ఎగతాళి చేసేవారు: "ఎంత అంటించినా ఊదకి చదవడం రాదు కదండీ."

కింద వరండాలో కూర్చుని, ఆవిడ భూతద్దంతో ఒక్కో చీటీ చదివారు. చిన్న అక్షరాల కింద పెన్సిలుతో గీత పెట్టారు. ఎర్ర మూతది బిస్పైరిబాక్, కుండీల మూడు వరసల మీదా కొట్టిందీ అదే. గుర్రం బొమ్మదీ బిస్పైరిబాక్, కంపెనీ వేరు. నీలం డబ్బా పెనాక్సులామ్. "ఇది పేరు వేరే. కానీ ఇవన్నీ మొక్కలో ఒకే చోట దెబ్బకొడతాయండి. ఆ దెబ్బ కాచుకున్న మొక్కకి డబ్బా ఏదైతేనేం?" నీలం డబ్బా మందు కూడా వేరే కుండీల మీద కొట్టి చూశారట. అదే ఫలితం.

ఆవిడ పేజీలు తిరగేస్తూ ఉన్నట్టుండి ఆగారు. "ఈ సూరిబాబు గారు ఎవరండి? ప్రతి పేజీలో ఉన్నారు. సూరిబాబు గారు వాన వస్తుందన్నారు, సూరిబాబు గారు కాలవ కట్టేశారన్నారు. రెండేళ్ల కిందటి నుంచి ఎక్కడా లేరు. పోయారా?"

"లేదండి. ఎగువ చేను ఆయనదే."

ఆవిడ భూతద్దం కింద పెట్టారు.

భోజనం పెట్టారు, వంకాయ కూర, మజ్జిగ. తింటున్నంతసేపూ ఏం చేయాలో చెప్పారు, నేను కాగితం మీద రాసుకున్నాను. ఈ దాళ్వాకి వరి మానేసి మినుము వేయడం మంచిది. మినుములో గడ్డి జాతికి కొట్టే మందు మొక్కని వేరే చోట దెబ్బతీస్తుంది, వరి లేదు కాబట్టి ఊద కూడా కళ్లకి కనపడుతుంది. మళ్లీ వరికి వచ్చినప్పుడు ముందు నీళ్లు పెట్టి, ఊదని మొలవనిచ్చి, దమ్ములో తొక్కించేయాలి. ఆ తర్వాతే నాట్లు. వెదజల్లడం రెండు మూడేళ్లు మర్చిపోవాలి. తప్పించుకున్న మొక్కని ఈనకముందే పీకి, గట్టు మీద పడేయకుండా ఇంటికి తేవాలి. ఇవన్నీ బాగానే ఉన్నాయి. చివరగా, "కోత మిషను మీ చేలోకి అందరికంటే ఆఖర్న రానివ్వండి. దాని పొట్టలో గింజలు పక్క చేలోకి పోతాయి" అన్నారు.

పోయిన నెల సార్వా కోతకి మిషను మొదట నా చేలోకే దిగింది. అక్కణ్నుంచి నేరుగా సూరిబాబు గారి చేలోకి వెళ్లింది. అదీగాక, ఈసారి ఊడ్పులకి మనుషులు దొరకలేదని, ఆయన కూడా వెదజల్లుతున్నారని మందుల కొట్టులో విన్నాను. కొట్టతను ఎర్ర మూత డబ్బాలు సూరిబాబు గారి కోసమని విడిగా పెట్టి ఉంచాడు. నా ఊద ఆయన చేలో పడింది. అది చావని మందే ఆయన కొట్టబోతున్నారు. ఇది ఊళ్లో నాకొక్కడికే తెలుసు.

రెండింటికి బయల్దేరాను. వచ్చేటప్పుడు పంటు దారి పట్టలేదు. సిద్ధాంతం వంతెన మీదుగా పాలకొల్లు, నరసాపురం. మూడు గంటలు, ఒకే బస్సు. తొందరలో ఉన్నవాళ్లు రెండు వైపులా ఇదే పట్టుకోండి. కిటికీ పక్క సీటు దొరికింది. ఏమని మొదలుపెట్టాలో పాలకొల్లు దాకా ఆలోచించాను, వాక్యం కుదరలేదు.

ఇంటికి పోకుండా నేరుగా సూరిబాబు గారింటికి వెళ్లేసరికి ఆరు కావస్తోంది. ఆయన అరుగు దగ్గర నానబెట్టిన విత్తనాలకి మండె కడుతున్నారు. తడి గోనెలు పరిచి, పైన గడ్డి కప్పి, మొలక కోసం బరువులు పెడుతున్నారు. ఆయన భార్య పద్మ గారు చూసి, "అన్నయ్య గారే! ఏంటండీ, దారి తప్పారా?" అన్నారు. ఆయన తలెత్తలేదు.

"ఎర్ర మూత మందు కొట్టకండి" అన్నాను.

"మీరు ఆరేళ్లు కొట్టారుగా."

"అందుకేనండి."

నిలబడే చెప్పాను. కుండీల సంగతి, చీటీల సంగతి, మిషను సంగతి, వెదజల్లకుండా నాట్లు వేయాలన్న సంగతి. "ఆ ఊద మీ చేలోది కాదండి. నాదే. నేనే తయారు చేశాను" అన్నాను. ఆయన రాయి ఒకటి గడ్డి మీద పెట్టి, సర్ది, మళ్లీ తీసి ఇంకోచోట పెట్టారు.

"నా చేలో గింజలు ఎప్పుడు దూశారండి?"

"ఏప్రిల్లో. మీరు తుని పెళ్లికి వెళ్లినప్పుడు."

"అడిగితే ఇచ్చేవాణ్ని."

నేను సంచీ అరుగు మీద దించాను.

"రెండేళ్ల కిందట ఆ మాట నన్నెక్కడన్నారు?"

"కొట్టు దగ్గర."

"అప్పుడు ఎంతమంది ఉన్నారు?"

"పదిమంది ఉంటారండి."

"ఇప్పుడిక్కడ ఎంతమందిమి ఉన్నాం?"

పద్మ గారు లోపలికి వెళ్లిపోయారు. మేమిద్దరమే ఉన్నాం. ఆవిడే లోపలినుంచి, "మండె కట్టేశాం కదండీ, ఇప్పుడు నారుమడి పోస్తే ఊడ్చేదెవరు?" అన్నారు. "నేనొస్తానండి" అన్నాను. "మీరొక్కరూ ఐదెకరాలా! సంక్రాంతికి మొదలెడితే ఉగాదికి అవుతుంది" అని ఆవిడ నవ్వారు. ఆయన నవ్వలేదు. మొలకని చల్లుతారో, నారు పోస్తారో చెప్పలేదు. మండె రేపు విప్పుతారు. నేను వచ్చేశాను.

రాత్రి డైరీలో రెండేళ్ల తర్వాత ఆయన పేరు రాశాను. రాశాక చదువుకుంటే ఒక సంగతి తెలిసింది. ఇన్నేళ్లూ నేను రోజూ రాసిందంతా నేను చూసిందే, కానీ డబ్బా రంగు దగ్గరే ఆగిపోయాను, దాని వెనక ఏముందో ఒక్కసారీ చదవలేదు. సూరిబాబు గారి విషయంలో కూడా గట్టు మీద గడ్డి చూశాను గానీ, చేలో వంగి కలుపు తీస్తున్న మనుషుల్ని లెక్కలోకి తీసుకోలేదు. మినుము వేస్తే చేను రెండు మూడేళ్లలో దారిన పడుతుందని మేడం గారన్నారు. రెండోదానికి మందు నాకు తెలీదు. పదిమందిలో అన్న మాట పదిమందిలోనే వెనక్కి తీసుకోవాలి. నాకు నోరు రాదు, రాత కొంచెం వచ్చు. అందుకే ముందు ఇక్కడ రాస్తున్నాను, ఊరివాళ్లు కొందరు ఇది చదువుతారు. ఏడింటికి టీ కొట్టు తెరుస్తారు. అక్కడికి వెళ్లి, నోరు రాకపోతే ఫోను తీసి ఇదే చదువుతాను.

మీకు పనికొచ్చేది ఒక్కటి. మందు కొన్న రోజు డబ్బా పేరూ, రంగూ రాసుకోకండి. వెనక చిన్న అక్షరాల్లో ఉన్న అసలు మందు పేరు చూసి అది రాసుకోండి, అది మొక్కని ఎక్కడ దెబ్బకొడుతుందో తెలిసినవాళ్లని అడిగి దాని పక్కన రాయండి. మళ్లీ పంటకి ఆ రెండో మాట మారాలి. గింజలు పంపేవాళ్లు కాగితం పొట్లాల్లోనే పంపండి, ప్లాస్టిక్‌లో బూజు పడతాయి. పక్క చేలో గింజలు కావాలంటే అడిగి తీసుకోండి.

ఏడు కావస్తోంది. మంచు ఇంకా విడలేదు, వీధి చివర కనపడటం లేదు. సైకిలు బెల్లు వినిపిస్తోంది. ఆ బెల్లు నాకు తెలుసు, చెరుకు తోటల వైపు నుంచి కాదు, మా వీధిలోంచే వస్తోంది. గేటు దగ్గర ఆగింది. కుడితి బక్కెట్టు ఇంకా—